విలియం హార్వీ జీవితము

మానవశరీరము కంటికి కనబడని కోట్లకొలది జీవకణములతో నిర్మింపబడినది. ఒకే తీరుగల కణములు కూడి కణజాలమగును. కొన్ని కణజాలములు ఒక పని నిమిత్తమై కలిసి అమరినచో అది అవయవమగును. గుండె, ఊపిరితిత్తులు, కాలేయము, మూత్రపిండములు ఇట్టి అవయవములు. ప్రతి కణమునకును ఆహారము కావలెను, ప్రాణవాయువు కావలెను. దానియందు పుట్టిన మలినము తొలగిపోవలెను. ఈ మూడు పనులకును సాధనము రక్తము. అది గుండెనుండి బయలుదేరి, శరీరమంతయు తిరిగి, మరల గుండెనే చేరునని నేడు చిన్న తరగతుల బాలబాలికలును ఎరుగుదురు. కాని నాలుగువందల సంవత్సరములకు పూర్వము ఐరోపాలోని గొప్ప వైద్యులు సైతము దీనిని ఎరుగకుండిరి. దీనిని ఋజువుచేసి లోకమునకు తెలిపినవాడు విలియం హార్వీ అను ఆంగ్ల వైద్యుడు.

హార్వీ 1578వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఇంగ్లండులోని కెంటు మండలమున, సముద్రతీరమందలి ఫోక్‌స్టన్ పట్టణమున జన్మించెను. తండ్రి థామస్ హార్వీ కలిగిన గృహస్థుడు. సంతానములో విలియం జ్యేష్ఠుడు. అతడు కాంటర్‌బరీ నగరమందలి కింగ్స్ స్కూలులో లాటిను, గ్రీకు భాషలు నేర్చి, 1593లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమందలి కీస్ కళాశాలలో చేరి, 1597లో పట్టభద్రుడయ్యెను.

ఆ దినములలో వైద్యవిద్యకు ఇటలీదేశమందలి పాడువా విశ్వవిద్యాలయము మిగుల ప్రసిద్ధి వహించియుండెను. మానవశరీర నిర్మాణమును స్వయముగా శవచ్ఛేదనము చేసి చూచి, 1543లో గొప్ప గ్రంథమును ప్రకటించిన వెసేలియస్ బోధించినది అచ్చటనే. హార్వీ ఆ విశ్వవిద్యాలయమునకు పోయి ఫబ్రీషియస్ అను ఆచార్యునియొద్ద శిష్యుడాయెను. సిరలలో అక్కడక్కడ చిన్న తలుపులవంటి కవాటములున్నవని ఫబ్రీషియస్ శిష్యులకు చూపుచుండెను. రక్తము చేతులలోనికిని పాదములలోనికిని ఒక్కుమ్మడిగా దిగిపోకుండ అవి నెమ్మదిపరచునని గురువు తలంచెను. శిష్యుడు ఆ కవాటములను మరువలేదు. 1602లో హార్వీ వైద్యపట్టము పొంది స్వదేశమునకు మరలెను.

అప్పటి వైద్యులకు ప్రమాణము గేలెన్. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున జీవించిన ఆ గ్రీకు వైద్యుడు మహాపండితుడే. కాని అతని సిద్ధాంతములన్నియు సరియైనవి కావు. మనము తిన్న అన్నము కాలేయమునందు రక్తముగా మారుననియు, ఆ రక్తము సిరలగుండ అవయవములను చేరి అచ్చటనే ఖర్చయిపోవుననియు, అందులో కొంత గుండె నడిమి గోడలోని సన్నని రంధ్రములగుండ కుడివైపునుండి ఎడమవైపునకు ఊరుననియు అతడు బోధించెను. పదునాలుగు శతాబ్దములు ఈ బోధయే నిలిచెను. దీనిని శంకించినవారు లేకపోలేదు. పదమూడవ శతాబ్దమున కైరోనగరమందు వైద్యము చేసిన ఇబ్న్ అల్ నఫీస్, ఆ గోడలో రంధ్రములు లేవనియు, రక్తము ఊపిరితిత్తులగుండ పోయి గుండె ఎడమభాగమును చేరుననియు వ్రాసియుండెను. పాడువాలో బోధించిన కొలంబో 1559లో ఇట్టి మాటయే చెప్పెను. అయినను రక్తము శరీరమంతట చక్రమువలె తిరుగునని ఋజువు చేసినవారు లేరు.

హార్వీ లండను నగరమున కాపురముండి, 1604లో ఎలిజబెత్ బ్రౌన్ అను ఆమెను వివాహమాడెను. ఆ దంపతులకు సంతానము కలుగలేదు. 1609లో ఆయన సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రికి వైద్యుడాయెను. 1615లో లండను వైద్యకళాశాలవారు ఆయనను శరీరశాస్త్రోపన్యాసకునిగా నియమించిరి. 1616లో ఆయన ఉపన్యాసములు ప్రారంభమాయెను. పిమ్మట మొదటి జేమ్సు రాజునకును, ఆయన కుమారుడగు మొదటి చార్లెసు రాజునకును ఆస్థానవైద్యుడయ్యెను.

పగలు రోగులను చూచుచు, తీరిక దొరికినప్పుడెల్ల ఆయన గుండెను పరీక్షించుచుండెను. ఉష్ణరక్తముగల జంతువుల గుండె అతిత్వరగా కొట్టుకొనుటచే, అది ఎప్పుడు ముడుచుకొనునో ఎప్పుడు విచ్చుకొనునో నిర్ణయించుట మొదట ఆయనకు అసాధ్యమనిపించెను. అందువలన కప్పలు, పాములు, చేపలు మొదలగు శీతరక్తజంతువులను ఎన్నుకొనెను. వాని గుండె మెల్లగా కొట్టుకొనును. దేహము అద్దమువలె నుండు చిన్న రొయ్యలలో గుండె కదలుటను చూచెను. కోడిగ్రుడ్డులో పిల్ల రూపమేర్పడకమునుపే ఎఱ్ఱని చుక్క యొకటి అదరుటను చూచెను. పాము గుండెలోనికి వచ్చు సిరను అదిమినప్పుడు గుండె వెలవెలబోయి చిన్నదాయెను. గుండెనుండి పోవు ధమనిని అదిమినప్పుడు అది నిండి, ఉబ్బి, నల్లబడెను. కావున రక్తము సిరద్వారా గుండెలోనికి వచ్చి ధమనిద్వారా వెడలుననుట స్పష్టమాయెను. గుండె కండరముతో నిర్మితమైన అవయవమనియు, అది ముడుచుకొనునప్పుడే దాని అసలు పని జరుగుననియు, మణికట్టువద్ద మనకు తగులు నాడి ఆ దెబ్బయేననియు ఆయన గ్రహించెను.

అంతట హార్వీ గేలెన్ అనుచరులు ఎన్నడును చేయని పనిని చేసెను. ఆయన లెక్క వేసెను. గుండె ఒక్కొక్క దెబ్బకు అర ఔన్సు రక్తమును మాత్రమే వెడలగొట్టుననుకొందము. అరగంటలో అది తక్కువపక్షము వేయిసార్లు కొట్టుకొనును. అనగా అరగంటలో 500 ఔన్సులు! గొఱ్ఱె శరీరమందలి రక్తమంతయు తీసి తూచినను నాలుగు పౌనులకు మించదని ఆయన స్వయముగా చూచియుండెను. నాలుగు పౌనులనగా 64 ఔన్సులే. ఇంత రక్తమును అరగంటకొకమారు క్రొత్తగా పుట్టించుటకు ఎంత అన్నము చాలును? అవయవములు దానినంతయు ఎట్లు ఖర్చుచేయగలవు? కావున అదే రక్తము మరల మరల తిరుగుచుండవలెను. హార్వీ తక్కువగానే అంచనా వేసెను. విశ్రాంతిగానున్న పెద్దవాని గుండె నిమిషమునకు రమారమి 70 సార్లు కొట్టుకొని, దెబ్బకు ఇంచుమించు 70 మిల్లీలీటర్ల చొప్పున నిమిషమునకు సుమారు 5 లీటర్లు నడుపునని ఇప్పుడు తెలిసినది. శరీరమందలి రక్తమంతయు దాదాపు అంతియే.

లెక్క చాలదని ఆయన మనుష్యుని చేతిమీదనే సాక్ష్యము చూపెను. మోచేతికి పైన పట్టీ గట్టిగా బిగించినప్పుడు దిగువను నాడి ఆగి చేయి చల్లబడెను. కట్టును కొంచెము వదులుచేసినతోడనే ధమనిద్వారా రక్తము ప్రవేశించెను. కాని పైకి పోవు సిరలు ఇంకను మూసియుండుటచే చేయి ఎఱ్ఱబడి, సిరలు ఉబ్బి, కవాటములు ముడులవలె కనబడెను. రెండవ ప్రయోగమును మన విద్యార్థులు ఉపాధ్యాయుని సమక్షమున, కొలది క్షణములు మాత్రమే, కట్టు మితముగా కట్టి చూడవచ్చును. ఉబ్బిన సిరను ఒక వ్రేలితో అదిమిపట్టి, మరియొక వ్రేలితో రక్తమును ముడి దాటువరకు భుజమువైపునకు త్రోయవలెను. నడిమిభాగము ఖాళీయగును, పైరక్తము క్రిందికి దిగదు. అదిమిన వ్రేలు తీసినతోడనే అది క్రిందినుండి నిండును. గురువు చూపిన తలుపులు గుండెవైపునకే తెరచుకొనునని శిష్యుడు ఇట్లు నిరూపించెను.

ఉపన్యాసములు ప్రారంభించిన పండ్రెండేండ్లకు, 1628లో, జర్మనీదేశమందలి ఫ్రాంక్‌ఫర్టులో ఆయన గ్రంథము లాటిను భాషలో అచ్చయ్యెను. దాని పరిమాణము 72 పుటలు మాత్రమే. అంతకాలము ఆగుటకు కారణము లేకపోలేదు. పూర్వులను ధిక్కరించినవానిని లోకము ద్వేషించునని ఆయన ఎరుగును. భయపడినట్లే జరిగెను. గ్రంథము వెలువడిన పిదప రోగులు ఆయనయొద్దకు వచ్చుట మిక్కిలి తగ్గెననియు, సామాన్యజనులు ఆయనకు మతి చెడెననుకొనిరనియు, ఆయనను ఎరిగిన జాన్ ఆబ్రీ వ్రాసియున్నాడు. పారిసు నగరమందలి రియోలాన్ అను ఆచార్యుడు బహిరంగముగా ప్రతిఘటించెను. హార్వీ తొందరపడక, 1649లో రెండు లేఖలను ప్రకటించి ప్రయోగములతోనే ప్రత్యుత్తరమిచ్చెను. ధమనులలోని రక్తము ఏ మార్గమున సిరలలో ప్రవేశించునో మాత్రము ఆయన కన్నులార చూడలేదు. అట్టి మార్గముండి తీరవలెనని చెప్పెనే గాని, చూడనిదానిని చూచితినని వ్రాయలేదు.

ఆయన దృష్టి ఒకప్పుడు నిరపరాధుల ప్రాణములకు అక్కరకు వచ్చెను. 1634లో లాంకషైరు మండలమున ఒక బాలుని మాట నమ్మి కొందరు స్త్రీలను మంత్రగత్తెలని నేరస్థులనుగా తీర్మానించిరి. వారిలో నలుగురిని లండనుకు తెచ్చి, దేహములపై మంత్రగత్తెల చిహ్నములున్నవేమో పరీక్షించుడని ప్రభుత్వమువారు ఆజ్ఞాపించిరి. హార్వీ పర్యవేక్షణమున శస్త్రవైద్యులును మంత్రసానులును పరీక్షించి, వారి శరీరములలో అస్వాభావికమైనది ఏదియు లేదని తెలిపిరి. తరువాత ఆ బాలుడు తాను కల్లలాడితినని ఒప్పుకొనెను. వారికి ఉరి తప్పెను.

1642లో రాజునకును పార్లమెంటునకును యుద్ధము పుట్టినప్పుడు హార్వీ రాజుపక్షముననే నిలిచెను. ఎడ్జిహిల్ యుద్ధమునాడు చిన్న రాకుమారుల నిద్దరిని ఆయనకు అప్పగించిరనియు, ఆయన ఒక పొదచాటున కూర్చుండి పుస్తకము చదువుచుండగా ఫిరంగిగుండు సమీపమున పడెననియు చెప్పుదురు. ఆ సంవత్సరమే సైనికులు లండనులోని ఆయన నివాసమును దోచి, క్రిమికీటకముల పుట్టుకనుగూర్చి ఎన్నో ఏండ్లు వ్రాసిపెట్టిన కాగితములను నాశనము చేసిరి. సామానులు పోయినందుకుగాక ఆ కాగితములు పోయినందుకే ఆయన జీవితాంతము వగచెను. అయినను పని మానలేదు. ఆక్సుఫర్డులో కోడిగ్రుడ్లను పొదిగించి దినదినమును పగులగొట్టి పరీక్షించెను. జంతువుల ఉత్పత్తిని గూర్చిన ఆయన గ్రంథము 1651లో వెలువడెను.

వృద్ధాప్యమున లోకము ఆయన పక్షమునకు తిరిగెను. 1654లో వైద్యకళాశాలవారు అధ్యక్షపదవి నొసగగా, వార్ధక్యముచే దానిని గ్రహింపలేదు. కాని తన సొంత ధనముతో వారికి గ్రంథాలయము కట్టించి, 1656లో తన పిత్రార్జితమగు భూమిని దానమిచ్చెను. ఆ దానపత్రమున ఏర్పరచిన వార్షికోపన్యాసము హార్వీ పేరిటనే నేటికిని జరుగుచున్నది. 1657వ సంవత్సరము జూన్ 3వ తేదీన, డెబ్బదితొమ్మిదవయేట, ఆయన పక్షవాతముచే మరణించెను. ఎసెక్సు మండలమందలి హెంప్‌స్టెడ్ గ్రామదేవాలయమున ఆయన దేహము నుంచిరి.

ఆయన చనిపోయిన నాలుగేండ్లకు, 1661లో, ఇటలీవాడగు మాల్పీగీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తిని పరీక్షించి, ధమనులను సిరలను కలుపు అతిసన్నని కేశనాళికలను కనుగొనెను. హార్వీ ఉండి తీరవలెనన్న మార్గము అదియే. 1665లో రాబర్టు హుక్ బెండుముక్కలో చిన్న చిన్న గదులను చూచి వానికి ఇంగ్లీషున పెట్టిన పేరే నేడు జీవకణమునకు వాడుకలోనున్నది. జంతుశరీరములన్నియు కణమయములని ష్వాన్ 1839లో చాటెను. నేటి పాఠ్యపుస్తకములు కణముతో మొదలిడి అవయవముతో ముగించును. చరిత్రలో త్రోవ తారుమారు. అవయవము ముందు, కణము వెనుక.

విద్యార్థులారా, హార్వీకి సూక్ష్మదర్శిని సాయము లేదు. ప్రాణవాయువు పేరు తెలియదు. రెండు కన్నులు, రెండు చేతులు, ఒక కట్టుగుడ్డ, బడిపిల్లలు వేయు గుణకారము, ఇవే ఆయన సాధనములు. పెద్దలయందు గౌరవము విడువకయే వారి మాటను పరీక్షించెను. తాను చూచినంతవరకే చెప్పి, చూడనిదానిని ముందువారికి విడిచిపెట్టెను. మీ మణికట్టుమీద వ్రేలుంచి నాడిని లెక్కించునప్పుడెల్ల ఈ రెండు గుణములను జ్ఞాపకము చేసికొనుడు.