జీవకణముల శ్వాసను వెలుతురులో చూచిన కీలిన్

ప్రాణముతోనున్న కండరము ప్రాణవాయువును ఎట్లు వినియోగించుకొనుచున్నదో, దానిని కోయకయే, వెలుతురు సాయముతో చూడవచ్చునని నిరూపించిన మహనీయుడు డేవిడ్ కీలిన్. ఈయన పోలిష్ దంపతులకు 1887లో మాస్కోనగరమున జన్మించి, వార్సాలో పెరిగెను. ఉబ్బసము వలన పదియేండ్ల వరకు ఇంటివద్దనే చదువుకొనెను. ఊపిరికై తాను పెనుగులాడినవాడే సకలజీవుల ఊపిరి గుట్టు విప్పుట మాకు విచిత్రముగ తోచును. పారిసులో ఈగలను గూర్చి పరిశోధించి, 1915లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి చేరెను.

గుఱ్ఱపు కడుపులో పెరుగు ఒకజాతి ఈగపురుగులందు హీమోగ్లోబిన్ అను ఎఱ్ఱని పదార్థము కలదు. పురుగు ఈగగా మారిన పిదప అది ఏమగును? ఈ సందేహముతో కీలిన్ సూక్ష్మదర్శినికి వర్ణపటదర్శినిని అమర్చి ఈగ కండరమును పరీక్షించెను. పట్టకము తెల్లని వెలుతురును ఏడురంగులుగ విడదీయుట విద్యార్థులెఱుగుదురు. ఆ వెలుతురు దారిలో రంగుగల పదార్థమున్నచో, అది మ్రింగిన రంగులచోట నల్లని చారలేర్పడును. ఇచట హీమోగ్లోబిన్ చారలు కావు, వేఱు నాలుగు చారలు కనబడెను.

అవే చారలు రొట్టెపిండిని పొంగించు ఈస్టునందును అగపడెను. ఈస్టు కలిపిన నీటిని గాజుగొట్టములో పోసి గాలి తగులునట్లు కుదుపగా చారలు మాయమయ్యెను. ఊరక నిలుపగా కొంతసేపటికి మరల వచ్చెను. అనగా ఆ పదార్థము ప్రాణవాయువు అందినపుడు ఒకరూపమును, అది ఖర్చయినపుడు మఱియొకరూపమును దాల్చుచుండెను. సయనైడు విషము కలిపినచో ఎంత కుదిపినను చారలు పోలేదు. గాలియున్నను కణము దానిని వాడుకొనలేదన్నమాట! తేనెపట్టు మైనమును తిని పెరుగు ఒక చిన్న రెక్కలపురుగును బ్రదికియుండగనే అద్దముక్రింద నిలిపి చూడగా, అది ఎగురుటకు గింజుకొనినపుడు చారలు తేటపడెను, విశ్రమించినపుడు మాసిపోయెను. ఆ పదార్థమునకు 1925లో ఆయన సైటోక్రోము అని పేరిడెను.

అయితే ఈ చారలను మొదట చూచినవాడు కీలిన్ కాడు. మక్‌మన్ అను వైద్యుడు ఇంగ్లండులో రోగులను చూచుకొనుచు, తీరికవేళల పరిశోధించి, 1880లలోనే వీనిని ప్రకటించెను. జర్మనీలో గొప్ప పేరుగల హోప్పే-సైలర్ అది చెడిన హీమోగ్లోబిన్ మాత్రమేయని కొట్టివేసెను. పెద్దవాని మాటకు ఎదురేది? మక్‌మన్ ఆదరము లేకయే 1911లో గతించెను. చనిపోయినవాడు వచ్చి అడుగడు గదా. ఐనను కీలిన్ తన వ్యాసమునందు ఆయన పనిని విస్పష్టముగ చెప్పి, ఆయన గౌరవమును ఆయనకు దక్కించెను. కనుగొనిన దానికంటె ఈ పనియే గొప్పదని మా అభిప్రాయము.

కీలిన్ 1951లో కాప్లే పతకము నందుకొని, 1963లో మరణించెను. కణశ్వాస చరిత్రను గూర్చి ఆయన వ్రాయుచుండిన గ్రంథమును కుమార్తె జోన్ పూర్తిచేయగా 1966లో వెలువడినది. మక్‌మన్ కథ అందును కలదు.