అన్నపూర్ణ డొక్కా సీతమ్మ

బాలలారా! ఒమన్‌లో ఇంటికి వచ్చిన అతిథికి మొదట ఖర్జూరం, కహ్వా అందించడం మీరు చూసే ఉంటారు. మన గోదావరి సీమలోనూ అతిథిని దైవంగా ఆదరించిన తల్లి ఒకరున్నారు. ఆమే డొక్కా సీతమ్మ.

సీతమ్మ 1841లో మండపేటలో జన్మించారు. అడిగినవారికి లేదనక అన్నం పెట్టే ఆమె తండ్రిని ఊరివారు బువ్వన్న అని పిలిచేవారు. లంకల గన్నవరం నివాసి డొక్కా జోగన్నతో ఆమెకు వివాహమైంది. గోదావరి పాయల నడుమనున్న ఆ సీమలో ఏరులు దాటి అలసి వచ్చే బాటసారులకు ఆ ఇల్లే ఆశ్రయం. అర్ధరాత్రి ఎవరు తలుపు తట్టినా సీతమ్మ పొయ్యి వెలిగించి, స్వయంగా వండి, వేడి అన్నం వడ్డించేవారు. కులమేదని అడిగేవారు కారు.

ఒకసారి ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారు. ఆకలిగొన్న ప్రయాణికులు కొందరు తన ఇంటికే భోజనానికి వెళుతున్నారని దారిలో విన్నారు. దర్శనం మాని, వెంటనే వెనుదిరిగి, వారికి వండిపెట్టారని చెబుతారు.

1909లో సీతమ్మ కన్నుమూశారు. నేడు ఆంధ్రప్రదేశ్ బడులలో మధ్యాహ్న భోజన పథకం ఆమె పేరనే సాగుతున్నది.

బాలలారా! రేపు మీ భోజనపు డబ్బా తెరిచినప్పుడు, డబ్బా తెచ్చుకోని మిత్రుడు ఉన్నాడేమో ఒకసారి చుట్టూ చూడండి.