పదును కోసం 26 ఏళ్లు



ఈ నెల మన స్ఫూర్తి శీర్షికలో ఫ్రెడరిక్ విన్స్‌లో టేలర్‌ గురించి తెలుసుకుందాం.

ఆయన 1856లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, ఒక లాయరు గారింట పుట్టారు. హార్వర్డ్ ప్రవేశ పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. కానీ కళ్లు మొరాయించి, కాలేజీ ఆశ అక్కడితో ఆగింది. వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా పని నేర్చుకుని, 1878లో మిడ్‌వేల్ స్టీల్ కంపెనీలో కూలీగా చేరారు. అక్కడే ఫోర్‌మన్, ఆపై చీఫ్ ఇంజినీరు అయ్యారు. ఉద్యోగం చేస్తూనే 1883లో ఇంజినీరింగ్ డిగ్రీ సాధించారు.

ఆ రోజుల్లో లేత్ పనివారు ఎవరి అలవాటు ప్రకారం వాళ్లు టూల్‌కు పదును పెట్టుకునేవారు. ఏది సరైనదో ఎవరికీ తెలియదు. ఆరు నెలల్లో తేల్చేద్దామని టేలర్ ప్రయోగాలు మొదలుపెట్టారు. 26 ఏళ్లు పట్టింది!

మన వంటింట్లోనే చూడండి. కత్తిపీట అంచు పల్చగా ఉంటుంది, కూరగాయ సులువుగా తెగుతుంది. దానితో కట్టెలు కొడితే అంచు విరుగుతుంది; అందుకు గొడ్డలే కావాలి. లోహాన్ని కోసే టూల్‌ కూడా అంతే. పైముఖం వాలు ఎక్కువైతే లోహపు పొట్టు తేలిగ్గా జారి, కోతకు తక్కువ బలం చాలుతుంది; కానీ అంచు బలహీనపడుతుంది. వాలు తగ్గితే అంచు గట్టిపడుతుంది, కోతకు బలం ఎక్కువ కావాలి. అందుకే మెత్తని ఉక్కుకు ఒక కోణం, గట్టి ఉక్కుకు మరో కోణం. సూదిమొన టూల్‌ కన్నా గుండ్రని మొన ఉన్నది ఎక్కువ వేగానికి తట్టుకుంటుందని 1881లోనే ఆయన గమనించారు.

ఫలితాన్ని మార్చే అంశాలు మొత్తం 12 అని తేలింది. ఒకదాన్ని మారుస్తూ మిగతా 11 మారకుండా చూడటమే అసలు కష్టం. 30 వేలకు పైగా ప్రయోగాల్లో సుమారు 3,60,000 కిలోల ఇనుము, ఉక్కు పొట్టుగా రాలిపోయాయి. 1906లో ఆ ఫలితాలన్నీ ఇంజినీర్ల ముందు పెట్టారు.

ఆయన కథలో రెండో వైపూ ఉంది. టూల్‌ను కొలిచినట్టే మనుషుల పనినీ స్టాప్‌వాచ్‌తో కొలిచారు. 1911లో ఆ పద్ధతిని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పెట్టినప్పుడు కార్మికులు సమ్మెకు దిగారు. 1915లో ఆయన కన్నుమూశారు.

ఒక దారి మూసుకుపోతే పిల్లల భవిష్యత్తు మూసుకుపోయినట్టు కాదని ఆయన బాల్యం చెబుతుంది. ఉక్కుకే రకాన్ని బట్టి కోణం మార్చాలని ఆయన ప్రయోగాలు చెబుతాయి. మరి మన పిల్లలందరినీ ఒకే గడియారంతో కొలవడం న్యాయమా?