మృదులాస్థి గుట్టు విప్పిన విలియం హంటర్

పెద్దవాళ్ళు మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందని చెప్పుకోవడం మనం ఇళ్ళలో వింటూనే ఉంటాం. ఆ గుజ్జునే మన పాఠ్యపుస్తకాల్లో మృదులాస్థి అంటారు. విరిగిన ఎముక కట్టు కడితే అతుక్కుంటుంది. తెగిన చర్మం కొద్దిరోజుల్లో మూసుకుంటుంది. కానీ కీళ్ళలోని మృదులాస్థి ఒకసారి పాడైతే మళ్ళీ మొదటిలా కాదు. ఈ సత్యాన్ని 1743లోనే, పాతికేళ్ళ వయసులో, శాస్త్రలోకం ముందు పెట్టిన మహనీయుడు విలియం హంటర్.

ఆయన 1718 మే 23న స్కాట్లండ్‌లో, గ్లాస్గో నగరానికి దగ్గరలోని లాంగ్ కాల్డర్‌వుడ్ అనే చోట వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. పదిమంది సంతానంలో ఏడవవాడు. పదమూడేళ్ళకే గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరారు. ఆయనను క్రైస్తవ మతబోధకుడిని చేయాలని ఇంట్లోవారి కోరిక. ఆ చదువు మీద మనసు నిలవక దాన్ని వదిలేశారు. 1737లో విలియం కల్లెన్ అనే యువ వైద్యుని వద్ద చేరి, ఆయన ఇంట్లోనే ఉండి సుమారు మూడేళ్ళు వైద్యం నేర్చుకున్నారు. తర్వాత ఎడిన్‌బరోలో కొంతకాలం చదివి, 1740లో లండన్ చేరారు.

అక్కడ జేమ్స్ డగ్లస్ అనే పేరుపొందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఈ కుర్రవాడి పనితనం గుర్తించి తన ఇంట్లో చోటిచ్చారు. చదువు ముగిశాక తిరిగివెళ్ళి కల్లెన్‌తో కలిసి వైద్యం చేయాలన్నది అంతకుముందు అనుకున్న ఏర్పాటు. హంటర్ మాత్రం లండన్‌లోనే ఉండిపోయారు. 1742లో డగ్లస్ మరణించారు. అండ పోయినా హంటర్ పరిశోధన ఆపలేదు.

మరుసటి ఏడాది జూన్‌లో ఆయన వ్యాసం రాయల్ సొసైటీ సభలో చదవబడింది. కీళ్ళలోని మృదులాస్థుల నిర్మాణం, వాటి జబ్బులు అందులోని విషయం. మృదులాస్థిలోని పోగులు ఎముక మీద నిట్టనిలువుగా, మఖ్మల్ గుడ్డ మీది నూగులా నిలిచి ఉంటాయని వివరించారు. ఎముకలు రాసుకోకుండా, అదురు తట్టుకునేలా ఈ అమరిక ఎలా పనికివస్తుందో చెప్పారు. రక్తనాళాలు కీలు అంచు చుట్టూ వలయంలా ఉంటాయని చూపారు. పుండుపడి నశించిన మృదులాస్థి తిరిగి కోలుకోదని నిర్మొహమాటంగా రాశారు. సూక్ష్మదర్శినితో కణాలను పరిశీలించే విద్య ఇంకా ఎదగని కాలంలో ఇంత చూడగలగడం విశేషం.

దీనికి కారణం నేడు మనకు మరింత స్పష్టంగా తెలుసు. పెద్దవారి కీళ్ళ మృదులాస్థిలో రక్తనాళాలూ లేవు, నరాలూ లేవు. దాని కణాలకు ఆహారం ముఖ్యంగా కీలులోని జిగురు ద్రవం నుంచి మెల్లగా అందుతుంది. గాయమైతే మరమ్మతు సరంజామా మోసుకొచ్చే రక్తం అక్కడికి చేరదు. ఉన్న కణాలు కొద్ది, అవీ కదలలేక ఉన్నచోటే చిక్కుకుని ఉంటాయి. నరాలు లేనందున అరుగుదల మొదలైన సంగతి కూడా చాలాకాలం తెలియదు.

1746లో హంటర్ లండన్‌లో శరీర నిర్మాణ శాస్త్ర తరగతులు ప్రారంభించారు. గురువు కోస్తుంటే దూరం నుంచి చూడటం కాక, ప్రతి విద్యార్థీ స్వయంగా శవపరిచ్ఛేదన చేసి నేర్చుకోవాలన్నది ఆయన పద్ధతి. 1748లో తమ్ముడు జాన్‌ను పిలిపించి పని నేర్పారు. ఆ జాన్ హంటర్ తర్వాత శస్త్రచికిత్సలో మేటి అయ్యారు. గర్భస్థ శిశువు ఎదుగుదలపై విలియం 1774లో ప్రచురించిన బొమ్మల గ్రంథం కూడా ప్రసిద్ధమే. అయితే ఒక పరిశోధన ఘనత ఎవరిదన్న విషయమై 1780లో అన్నదమ్ములకు చెడింది.

ఇక్కడ దాచకూడని సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో పరిచ్ఛేదనకు చట్టప్రకారం దొరికే శవాలు చాలా తక్కువ. అందువల్ల సమాధులు తవ్వి దొంగిలించిన శవాలు లండన్ పాఠశాలలకు చేరేవి. హంటర్ పాఠశాలా ఇందుకు మినహాయింపు కాదు. అలా చేరిన దేహాల్లో ఎక్కువ భాగం పేదలవే. వారి అనుమతి ఎవరూ అడగలేదు, వారి పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. నేడు స్వచ్ఛందంగా దేహదానం చేసేవారున్నారు. హంటర్‌ను తలచుకునేటప్పుడు ఆ పేరులేని పేదలకు కూడా నమస్కరించడం మన ధర్మం.

హంటర్ పెళ్ళి చేసుకోలేదు. రాణి షార్లెట్‌కు వైద్యుడై ఎంతో సంపాదించినా, అందులో చాలా భాగం పుస్తకాలకు, నాణేలకు, శరీర నమూనాలకు ఖర్చుచేశారు. జబ్బుతో ఉండి కూడా పాఠం చెప్పడానికి వెళ్ళి కుప్పకూలి, కొద్దిరోజులకే 1783 మార్చి 30న కన్నుమూశారు. ఆయన సేకరణ తాను చదివిన గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చేరింది. దానితోనే 1807లో హంటేరియన్ మ్యూజియం వెలిసింది.

ఆయన వేసిన ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉంది. రోగి మృదులాస్థి కణాలనే తీసి, ప్రయోగశాలలో పెంచి, దెబ్బతిన్న మోకాలిలో తిరిగి అమర్చిన ఫలితాలను 1994లో స్వీడన్ వైద్యులు ప్రకటించారు. చిన్న గాయాలకు ఇలాంటి చికిత్సలు ఉపయోగపడుతున్నాయి. కానీ వయసుతో కీలంతా అరిగిపోయినవారికి అసలు మృదులాస్థిని పూర్తిగా తిరిగి తెప్పించే మందు ఇంకా రాలేదు. కీలు మార్పిడి ఆపరేషనే వారికి చివరి దారి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! హంటర్ కూడా కన్నవారికి దూరంగా, గురువుల ఇళ్ళలో ఉండి చదువుకున్నవారే. నయం కానిదాన్ని నయం కాదని ఆయన ధైర్యంగా చెప్పడమే తర్వాతివారికి పని చూపింది. పొలం పనుల్లో, బరువులు మోయడంలో మోకాళ్ళు అరగదీసుకుని మనల్ని చదివిస్తున్న అమ్మానాన్నల నొప్పి మనకు తెలుసు. ఆ నొప్పికి మందు కనుక్కునేవారిలో మన హాస్టల్ బిడ్డ కూడా ఒకరు కావాలని ఆశిద్దాం.