గ్రెగర్ మెండెల్

తాతగారి పోలిక మనవడికి వచ్చిందని, మేనత్త కళ్ళు మేనకోడలికి వచ్చాయని పెద్దలు మురిసిపోవడం మనం తరచుగా వింటూ ఉంటాం. తల్లిదండ్రులలో కనిపించని ఒక లక్షణం ఒక తరం దాటి మళ్ళీ ఎలా పైకి వస్తుంది? ఈ ప్రశ్న అనాదిగా మానవుణ్ణి వేధించింది. పాలూ నీళ్ళూ కలిసినట్లు తల్లిదండ్రుల గుణాలు సంతానంలో కలిసిపోతాయని పందొమ్మిదో శతాబ్దపు పండితులలో అధికులు భావించారు. ఆ భావన నిజమైతే మరుగుపడిన గుణం తిరిగి స్వచ్ఛంగా బయటపడకూడదు. ఈ చిక్కుముడిని ఒక సన్న్యాసి తన మఠంలోని చిన్న తోటలో, బఠానీ పూల సాయంతో విప్పాడు. ఆయనే గ్రెగర్ మెండెల్.

మెండెల్ 1822 జూలైలో నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని హైంజెన్‌డార్ఫ్ అనే పల్లెలో జన్మించాడు. ఆ పల్లె నేడు చెక్ రిపబ్లిక్‌లో ఉంది. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు యోహాన్. తండ్రి ఆంటోన్ చిన్న రైతు. సొంత పొలంలో పని చేసుకుంటూనే వారంలో మూడు రోజులు భూస్వామికి వెట్టిచాకిరీ చేయవలసిన దుఃస్థితి ఆయనది. పండ్లచెట్లకు అంట్లు కట్టడంలో తండ్రికి ఉన్న నేర్పు చిన్ననాటనే కుమారునికి అబ్బింది.

1838లో చెట్టు దుంగ మీదపడి తండ్రి తీవ్రంగా గాయపడ్డాడు. కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. యోహాన్ తోటి విద్యార్థులకు పాఠాలు చెప్పి పొట్ట పోసుకుంటూ, అర్ధాకలితో, అనారోగ్యంతో చదువు కొనసాగించాడు. ఆ క్లిష్ట సమయంలో చెల్లెలు తెరీసియా తన పెళ్ళి కోసం కేటాయించిన సొమ్ములో కొంత భాగాన్ని అన్న చదువుకు సమర్పించింది. మెండెల్ ఆ ఉపకారాన్ని జీవితాంతం మరువలేదు. తరువాతి కాలంలో ఆమె కుమారుల విద్యకు అండగా నిలిచి తోబుట్టువు ఋణం తీర్చుకున్నాడు.

1843లో ఆయన బ్రనో నగరంలోని సెయింట్ థామస్ మఠంలో చేరి గ్రెగర్ అనే పేరు స్వీకరించాడు. భోజనానికి వెతుకులాట తప్పి, చదువుకు అవకాశం దొరికింది. మఠాధిపతి నాప్ విద్యాభిమాని. రోగుల బాధను చూసి తట్టుకోలేని మెండెల్ సున్నిత స్వభావాన్ని గమనించి, ఆయనను 1849లో అధ్యాపక వృత్తికి పంపాడు. అయితే 1850లో ఉపాధ్యాయ అర్హత పరీక్షలో మెండెల్ ఉత్తీర్ణుడు కాలేకపోయాడు. నాప్ నిరుత్సాహపడక ఆయనను వియన్నా విశ్వవిద్యాలయానికి పంపాడు. 1851 నుంచి 1853 వరకు అక్కడ డాప్లర్ వద్ద భౌతికశాస్త్రం, ఉంగర్ వద్ద వృక్షశాస్త్రం అభ్యసించాడు. ప్రకృతి విషయాలను లెక్కకట్టి పరిశీలించే దృష్టి ఆయనకు అక్కడ అలవడింది. 1856లో మళ్ళీ అదే పరీక్షకు కూర్చున్నప్పటికీ దానిని పూర్తిచేయలేకపోయాడు. అందువల్ల అర్హతాపత్రం లేని తాత్కాలిక ఉపాధ్యాయుడుగానే 1868 వరకు బ్రనోలో పాఠాలు చెప్పాడు. లోకానికి ఒక నూతన శాస్త్రాన్ని ప్రసాదించిన పరిశోధన ఆ సంవత్సరాలలోనే సాగింది.

మెండెల్ తన ప్రయోగాలకు చిక్కుడు కుటుంబానికి చెందిన బఠానీని ఎన్నుకోవడంలో ఎంతో వివేకం ఉంది. బఠానీ పూవులో పై రేకు ధ్వజంలా నిలుస్తుంది. ప్రక్క రేకులు రెండు రెక్కల వలె ఉంటాయి. క్రింది రేకులు రెండూ కలిసి పడవ ఆకారంలో కేసరాలను, కీలాన్ని కప్పి ఉంచుతాయి. ఆ పడవలోనే, బయటి పుప్పొడి చేరకముందే, ఆత్మపరాగ సంపర్కం జరిగిపోతుంది. అందువల్ల ప్రతి రకమూ తరతరాలుగా శుద్ధంగా నిలుస్తుంది. సంకరం చేయదలచినప్పుడు మాత్రం మొగ్గ దశలోనే రేకులను విప్పి, పక్వం కాని కేసరాలను తొలగించి, వేరొక మొక్క పుప్పొడిని కీలాగ్రంపై అద్దవచ్చు. మెండెల్ 34 రకాల విత్తనాలను సేకరించి, రెండేళ్ళు పెంచి, వాటి శుద్ధతను పరీక్షించిన తరువాతనే పనికి పూనుకున్నాడు.

1856 నుంచి 1863 వరకు దాదాపు 28,000 మొక్కలను ఆయన పరిశీలించాడు. గింజ ఆకారం, గింజ రంగు, పూవు రంగు, కాయ ఆకారం, కాయ రంగు, కాండంపై పూలు ఉండే స్థానం, మొక్క ఎత్తు అనే ఏడు లక్షణాలను ఒక్కొక్కటిగా తీసుకున్నాడు. ఊదారంగు పూల మొక్కను తెల్లపూల మొక్కతో సంకరం చేయగా తొలి తరంలో అన్నీ ఊదాపూలే పూశాయి. తెలుపు నశించిందా అన్న సందేహం రెండవ తరంలో తీరిపోయింది. 929 మొక్కలలో 705 ఊదాపూలు, 224 తెల్లపూలు పూశాయి. అంటే సుమారు మూడింటికి ఒకటి. మెండెల్ అంతటితో ఆగలేదు. ఊదాపూల మొక్కలలో నూరింటి సంతతిని పెంచి చూడగా, 36 మొక్కల సంతానం ఊదాపూలే పూసింది. 64 మొక్కల సంతానంలో తెల్లపూలు మళ్ళీ కనిపించాయి. బయటకు ఒకేలా ఉన్న మొక్కల లోపలి నిర్మాణం ఒకటి కాదని దీనివల్ల రుజువైంది.

ప్రతి లక్షణానికీ రెండు కారకాలు ఉంటాయని, బీజకణాలు ఏర్పడేటప్పుడు అవి విడిపోయి ఒక్కొక్క కణానికి ఒక్కటే చేరుతుందని ఆయన అంకెల ఆధారంగా నిర్ణయించాడు. ఒక కారకం మరొకదానిని మరుగుపరచవచ్చు గాని, దానిని కరిగించివేయదు. చిక్కుడులో తెల్లపూల జాతిని ఎర్రపూల జాతితో కలిపినప్పుడు మాత్రం సంతానంలో ముదురు ఊదా మొదలు లేత ఛాయల వరకు పలు రంగులు వచ్చాయి. ఈ ఫలితం ఆయన సూత్రానికి విరుద్ధంగా కనిపించింది. మెండెల్ దానిని దాచలేదు. పూవు రంగును ఒకటికంటే ఎక్కువ కారకాలు కలిసి నిర్ణయించవచ్చునని ఊహించాడు.

1865 ఫిబ్రవరి, మార్చి నెలల్లో బ్రనో ప్రకృతి విజ్ఞాన సంఘంలో తన ఫలితాలను చదివి వినిపించాడు. మరుసటి ఏడు ఆ వ్యాసం అచ్చయింది. దాని ప్రతులను 40 తెప్పించుకొని పలువురు పండితులకు పంపాడు. సభలో గాని, తరువాత గాని దాని లోతును గ్రహించినవారు లేరు. ప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త నాగెలి సైతం ఆయన వాదాన్ని అంగీకరించలేదు. ఆ పండితునికి ఇష్టమైన హాక్‌వీడ్ మొక్కలపై మెండెల్ ఏళ్ళ తరబడి శ్రమించి, కంటిచూపును కూడా దెబ్బతీసుకున్నాడు. ఫలదీకరణ లేకుండానే విత్తనాలు కట్టే స్వభావం ఆ మొక్కలకు ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. అందువల్ల ఆ శ్రమ ఫలించలేదు.

1868లో మెండెల్ మఠాధిపతి అయ్యాడు. పరిపాలన భారం పరిశోధనను మింగివేసింది. 1874లో మఠాల ఆస్తులపై ప్రభుత్వం విధించిన పన్నును అన్యాయమని ఎదిరించి, మరణించేవరకు ఆ వివాదంలోనే నలిగిపోయాడు. 1884 జనవరి 6న కన్నుమూశాడు. ఆయన అంతిమయాత్రకు వచ్చినవారు ఒక మంచి మఠాధిపతికి వీడ్కోలు పలికారే గాని, ఒక మహాశాస్త్రవేత్తను కోల్పోయామని ఎరుగరు.

1900లో డీ వ్రీస్, కారెన్స్, షెర్మాక్ అనేవారు వేరువేరుగా పరిశోధిస్తూ మెండెల్ వ్యాసానికి చేరుకున్నారు. ఆయన ఊహించిన కారకానికి 1909లో జన్యువు అనే నామకరణం జరిగింది. ఆయన అంకెలు సిద్ధాంతానికి మరీ దగ్గరగా ఉన్నాయని 1936లో ఫిషర్ సందేహం వెలిబుచ్చాడు. దానిపై చర్చ జరిగినా, ఇతరులు చేసిన ప్రయోగాలలో సూత్రాలు నిజమని తేలాయి. పూవుకు ఊదారంగును ఇచ్చే జన్యువును 2010లో గుర్తించారు. పూలు కాండంపై ఎక్కడ పూయాలో నిర్ణయించే జన్యువుతో సహా మిగిలినవి 2025 నాటికి తెలిశాయి. ఏడు లక్షణాల వెనుక ఉన్న జన్యువులు పూర్తిగా వెలుగు చూడడానికి ఆయన ఉపన్యాసం తరువాత 160 ఏళ్ళు పట్టింది.

ఆ విజ్ఞానం నేడు మన కందిచేలకూ చేరింది. బఠానీ కుటుంబానికే చెందిన కందిలో పుప్పొడి ఫలించని పూలుగల మొక్కలను తల్లి మొక్కలుగా వాడి, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు సంకర వంగడాలను రూపొందించారు. వాటిలో ఐ.సి.పి.హెచ్. 2671 అనే రకం 2010లో మధ్యప్రదేశ్‌లో సాగుకు విడుదలైంది. పూవు లోపలి జన్యువును ఎరిగితే పంట దిగుబడిని పెంచే మార్గం దొరుకుతుందనడానికి ఇదొక నిదర్శనం.

పరీక్షలో తప్పినవాడు, పండితుల ఆదరణకు నోచుకోనివాడు ఈ విజ్ఞానానికి పునాది వేశాడు. ఆయన వద్ద ఖరీదైన పరికరాలు లేవు. ఒక చిన్న తోట, ఒక సామాన్యమైన పూవు, తప్పక లెక్కపెట్టే ఓర్పు మాత్రమే ఉన్నాయి. మెచ్చుకొనేవారు లేకున్నా చేసిన పనిని నిజాయితీగా నమోదు చేసి ఉంచితే, అది ఏదో ఒకనాడు మొలకెత్తుతుందని మెండెల్ జీవితం విద్యార్థులకు బోధిస్తున్నది.