నేల మీద ఆడుకున్న హెచ్.జి.వెల్స్

స్ట్రేంజర్ థింగ్స్ చూసినవాళ్లకి మొదటి ఎపిసోడ్ గుర్తుండే ఉంటుంది. ఇంటి కింది గదిలో నలుగురు పిల్లలు టేబుల్ చుట్టూ కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంటారు. ఒకడు కథ చెప్తాడు. మిగతా ముగ్గురు తలా ఒక పాత్ర అయిపోయి, ఆ కథలో తామేం చేస్తారో చెప్తారు. చేసింది ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఇలాంటివాటినే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ అంటారు. ఇది కాలేజీ కుర్రాళ్ల ఆట మాత్రమే అనుకుంటాం గానీ, ఐదారేళ్ల పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆడే అమ్మానాన్నలు కూడా ఉన్నారు.

పెద్దవాళ్లు పిల్లలతో కలిసి ఒక లోకాన్ని కల్పించి, దానికి రూల్స్ పెట్టుకుని, సీరియస్‌గా ఆడటం అనే ఈ దారిలో వెనక్కి నడిస్తే మనకి బాగా తెలిసిన ఒక రచయిత ఎదురవుతాడు. టైమ్ మెషీన్, ఇన్విజిబుల్ మ్యాన్ రాసిన హెచ్.జి.వెల్స్. ఆ నవలల పేర్లు అందరికీ తెలుసు. తన కొడుకులతో నేల మీద పాకుతూ ఆయన ఆడిన ఆటల గురించి, వాటి మీద రాసిన రెండు చిన్న పుస్తకాల గురించి మాత్రం మనలో చాలామంది విని ఉండరు.

హెర్బర్ట్ జార్జ్ వెల్స్ 1866 సెప్టెంబర్ 21న ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో, బ్రామ్లీ అనే ఊళ్లో పుట్టాడు. ఇంట్లో బర్టీ అనేవాళ్లు. తండ్రి జోసెఫ్‌కి పింగాణీ సామాన్లూ క్రికెట్ బ్యాట్లూ అమ్మే చిన్న కొట్టు ఉండేది. అది సరిగ్గా నడిచేది కాదు. జోసెఫ్ మంచి బౌలర్. 1862లో కెంట్ తరఫున ఆడుతూ ససెక్స్ మీద వరసగా నాలుగు బంతుల్లో నాలుగు వికెట్లు తీశాడు. ఆటలో అంత గొప్పవాడైనా ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ కటకటే.

1874లో ఒక పెద్ద కుర్రాడు సరదాగా బర్టీని గాల్లోకి ఎగరేశాడు. పట్టుకోవడంలో తప్పింది. పిల్లాడి కాలు విరిగింది. వారాల తరబడి మంచం మీదే ఉండాల్సి వచ్చింది. అప్పుడు తండ్రి లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి పక్కన పెట్టేవాడు. కదలలేని ఆ రోజుల్లోనే బర్టీకి పుస్తకాల పిచ్చి పట్టుకుంది. ఆ కాలు విరగడం తన అదృష్టమని వెల్స్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

మూడేళ్లకి తండ్రి కాలూ విరిగింది. దాంతో క్రికెట్ ఆదాయం పోయింది. తల్లి సారా అప్‌పార్క్ అనే పెద్ద బంగళాలో హౌస్‌కీపర్‌గా చేరింది. పిల్లల్ని పనుల్లో పెట్టారు. 1881లో బర్టీని సౌత్‌సీలోని ఒక బట్టల దుకాణంలో అప్రెంటిస్‌గా చేర్చారు. రోజుకి 13 గంటల పని, రాత్రి తోటి కుర్రాళ్లతో కలిసి డార్మిటరీలో పడక. ఆ బతుకు అతనికి నరకంలా అనిపించింది. ఒకరోజు సుమారు 17 మైళ్లు నడిచి తల్లి దగ్గరకి వెళ్లి, ఇక ఆ పని నావల్ల కాదని తెగేసి చెప్పేశాడు. 1883లో అక్కడి నుంచి బయటపడి, ఒక స్కూల్లో చదువుతూనే చిన్న క్లాసులకి పాఠాలు చెప్పే పనిలో చేరాడు. మరుసటి ఏడాది లండన్‌లోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్స్‌లో స్కాలర్‌షిప్ వచ్చింది. అక్కడ అతనికి జీవశాస్త్రం చెప్పింది డార్విన్ సిద్ధాంతం తరఫున వాదించిన టి.హెచ్.హక్స్‌లీ.

చదువయ్యాక కొన్నాళ్లు టీచర్‌గా పనిచేశాడు. లండన్‌లో ఆయన పాఠాలు చెప్పిన హెన్లీ హౌస్ స్కూల్లో హెడ్‌మాస్టర్ కొడుకు కూడా చదివేవాడు. అతని పేరు ఎ.ఎ.మిల్న్. పెద్దయ్యాక తన కొడుకు ఆడుకునే బొమ్మల్ని పాత్రలుగా చేసి విన్నీ ద పూ కథలు రాసింది ఇతనే. పిల్లల బొమ్మల్ని సీరియస్‌గా తీసుకున్న ఇద్దరు రచయితలు ఒకప్పుడు ఒకే క్లాస్‌రూమ్‌లో ఉన్నారన్నమాట.

1895లో టైమ్ మెషీన్ వచ్చింది. 1897లో ఇన్విజిబుల్ మ్యాన్, 1898లో వార్ ఆఫ్ ద వరల్డ్స్ వచ్చాయి. వెల్స్ పేరు మోగిపోయింది. మొదటి భార్య ఇజబెల్ నుంచి విడిపోయి, తన స్టూడెంట్ అయిన ఎమీ కేథరిన్‌ని 1895లో పెళ్లి చేసుకున్నాడు. ఆమెని జేన్ అని పిలిచేవాడు. ఆ పేరు ఆయన పెట్టిందే. శాండ్‌గేట్ అనే ఊళ్లో సముద్రానికి దగ్గరగా స్పేడ్ హౌస్ అనే ఇల్లు కట్టించుకున్నారు. 1901లో జార్జ్ ఫిలిప్ పుట్టాడు, అతన్ని జిప్ అనేవాళ్లు. 1903లో ఫ్రాంక్ పుట్టాడు.

ఆటలు ఇక్కడే మొదలయ్యాయి. ఆ ఇంటికి వచ్చిన స్నేహితులు భోజనాలయ్యాక స్ప్రింగ్‌తో పనిచేసే ఒక బొమ్మ ఫిరంగితో సీసపు సైనికుల్ని గురిచూసి పడగొట్టేవాళ్లు. అంగుళం పొడవున్న కర్రముక్కే దాని గుండు. తొమ్మిది గజాల దూరం నుంచి కొడితే పదిలో తొమ్మిది సార్లు తగిలేదట. ఊరికే కొట్టడం కాసేపటికి బోర్ కొడుతుంది కదా. పుస్తకాలు పేర్చి కోటలు కట్టారు. సైనికులు కదలడానికి కొలతలు పెట్టారు: కాలిబంటు ఒక ఎత్తుకి ఒక అడుగు, గుర్రం రెండడుగులు. ఆలోచిస్తూ కూర్చునేవాళ్లతో ఆట సాగక, ఎత్తుకి టైమ్ లిమిట్ కూడా పెట్టారు. కోడ్ రాసేవాళ్లకి ఇది తెలిసిన పద్ధతే. ఆడు, ఎక్కడ చెడిందో చూడు, రూల్ మార్చు, మళ్లీ ఆడు.

కానీ వెల్స్ ముందుగా పుస్తకం రాసింది ఈ యుద్ధాల మీద కాదు. 1911లో వచ్చిన ఫ్లోర్ గేమ్స్ తన ఇద్దరు కొడుకులతో ఆడిన ఆటల గురించి. దానికి కావలసినవి నాలుగే: చిన్న చిన్న మనుషుల బొమ్మలు, చెక్క ఇటుకలు, పలకలు, కీ ఇస్తే నడిచే రైలుకి పట్టాలు. వాటితో పాటు ఖాళీగా ఉన్న నేల. ఒక ఆటలో నేలే సముద్రం, పలకలే దీవులు. తోటలోంచి కోసి తెచ్చిన రెమ్మలు అడవులయ్యేవి. ఓడలు దీవుల మీదకి వెళ్లేవి, అక్కడేం దొరుకుతుందో ఎవరు ఎదురొస్తారో కల్పించుకుంటూ కథ సాగేది. ఇంకో ఆటలో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన రెండు నగరాలు కట్టి, చెరొక దానికి మేయర్ అయ్యేవాళ్లు. రైలు మాత్రం రెండింటికీ ఉమ్మడి.

ఇందులో పిల్లల మాటకి ఎంత విలువో చూడండి. సరిహద్దు ఎక్కడ, ఎవరి ఊళ్లో ఏ భవనం అన్నది మేయర్లే తేల్చుకోవాలి. తండ్రి కూడా ఒక ఆటగాడు, అంతే. అప్పటి బొమ్మల కొట్లమీద వెల్స్‌కి ఒక ఫిర్యాదు ఉండేది. ఎక్కడ చూసినా సైనికులే దొరుకుతారు, మామూలు మనుషుల బొమ్మలు దొరకవు అని. నగరం కట్టాలంటే పోలీసు కావాలి, పాలు పోసేవాడు కావాలి, వీధిలో నడిచే జనం కావాలి. సైనికుడి బొమ్మ ఒక్కటే చేతిలో ఉంటే పిల్లాడికి యుద్ధం కథ తప్ప ఇంకో కథ రాదు.

ఆ ఆటల్లో ఆ కాలపు వాసన కూడా ఉంది. దీవుల మీద దిగేది తెల్లవాళ్లు, అక్కడ ఉండేది వాళ్ల కళ్లకి వింతగా కనిపించే స్థానికులు. ఇంగ్లండ్ ప్రపంచంలో చాలా భాగాన్ని ఏలుతున్న రోజుల్లో ఇంగ్లిష్ పిల్లల ఊహ అలాగే నడిచింది. మనవాళ్లని ఆ దీవి ఒడ్డున నిలబెట్టి చూస్తే ఆట అంత ముచ్చటగా అనిపించదు. ఇవాళ ఆడేవాళ్లు ఆ భాగాన్ని మార్చుకోవచ్చు, మార్చుకోవాలి కూడా.

1913లో యుద్ధపు ఆట రూల్స్‌తో లిటిల్ వార్స్ వచ్చింది. చివర్లో వెల్స్ తన అసలు ఆశ చెప్పుకున్నాడు. నిజం యుద్ధం ఎంత తెలివితక్కువ పనో ఈ ఆట ఆడితే తెలుస్తుందని, యుద్ధం కావాలనుకునే పెద్దమనుషుల్ని ఒక గదిలో పెట్టి బొమ్మలతో ఆడుకోమంటే లోకం బాగుపడుతుందని. ఏడాది తిరిగేసరికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. అదే వెల్స్, ఈ యుద్ధం యుద్ధాలన్నిటినీ అంతం చేస్తుందని వ్యాసాలు రాసి దాన్ని సమర్థించాడు. 1918లో ప్రభుత్వ ప్రచార విభాగంలో పనిచేశాడు కూడా. జిప్, ఫ్రాంక్ చిన్నవాళ్లు కాబట్టి సైన్యంలోకి వెళ్లాల్సిన అవసరం రాలేదు. వాళ్లకంటే కొద్ది ఏళ్లు పెద్దవాళ్లయిన కుర్రాళ్లు లక్షల మంది తిరిగి రాలేదు. బొమ్మలతో యుద్ధాలు ఆగలేదు.

చెప్పుకోవాల్సిన మరో విషయం ఉంది. వెల్స్ అందరు పిల్లలతోనూ నేల మీద కూర్చోలేదు. పెళ్లి బయట ఆయనకి వేరే సంబంధాలు ఉండేవి. అంబర్ రీవ్స్‌తో 1909 చివరి రోజున ఒక కూతురు పుట్టింది. తన తండ్రి వెల్స్ అని ఆ అమ్మాయికి 18 ఏళ్లు వచ్చేదాకా తెలియదు. రచయిత్రి రెబెకా వెస్ట్‌తో ఆంథొనీ అనే కొడుకు 1914 ఆగస్టు 4న పుట్టాడు. బ్రిటన్ యుద్ధం ప్రకటించింది ఆ రోజే. లోకం ఏమంటుందోనని, కన్నతల్లినే ఆంటీ అని పిలవడం నేర్పారు ఆ పిల్లాడికి. ఆ దీవులూ ఆ నగరాలూ ఆంథొనీకి అందలేదు. పెద్దయ్యాక అతను తండ్రి జీవితచరిత్ర రాశాడు. అందులో తండ్రి మీద కంటే తల్లి మీదే కోపం ఎక్కువ కనిపిస్తుంది. ఇక ఈ మొత్తం వ్యవహారంలో ఇల్లు నడిపింది, రాతప్రతులు టైప్ చేసింది, పిల్లల్ని చూసుకుంది జేన్. ఆమె 1927లో చనిపోయింది. పిల్లలతో ఆడిన తండ్రిగా వెల్స్‌ని మెచ్చుకునేటప్పుడు ఈ లెక్క కూడా వెయ్యాలి. ఆట గొప్పదే, కానీ ఆటకి పిలవని పిల్లలు కూడా ఆయన పిల్లలే.

ఆ నేల నుంచి రెండు దారులు బయల్దేరాయి. మొదటిది లండన్‌లోనే. పిల్లల డాక్టర్ మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ 1920ల చివర్లో మానసికంగా ఇబ్బంది పడే పిల్లల కోసం క్లినిక్ పెట్టినప్పుడు ఫ్లోర్ గేమ్స్ గుర్తు తెచ్చుకుంది. ఇసుక పోసిన పళ్లెం, చిన్న బొమ్మలు ఇచ్చి, నీ లోకం కట్టి చూపించమని పిల్లల్ని అడిగింది. మాటల్లో చెప్పలేనిది వాళ్లు కట్టి చూపించేవారు. ఇవాళ శాండ్‌ప్లే అని పిలిచే చికిత్స దాని నుంచి వచ్చిందే.

రెండోది అమెరికా వెళ్లింది. బొమ్మ సైనికులతో యుద్ధాలు ఆడేవాళ్లు లిటిల్ వార్స్‌ని తమ మూలపుస్తకాల్లో ఒకటిగా చూస్తారు. వాళ్లలో గ్యారీ గైగాక్స్ ఒకడు. 1972లో డేవ్ ఆర్నెసన్ తన కొత్తరకం ఆట చూపించాక గైగాక్స్ సొంతంగా ఒక పాతాళగృహం గీసి, ముందుగా తన పిల్లలు ఎర్నీ, ఎలీజ్‌లతోనే ఆడించి చూశాడు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చయింది. అంటే ఈ ఆట మార్కెట్‌కి వెళ్లే ముందే ఇద్దరు స్కూలు పిల్లలు నాన్నతో కూర్చుని ఆడేశారు. 2004లో లిటిల్ వార్స్‌ని మళ్లీ వేసినప్పుడు ముందుమాట రాసింది కూడా గైగాక్సే. మనం ఫోన్లో ఆడే గేముల్లో హిట్ పాయింట్లు, లెవెల్స్ కనిపించిన ప్రతిచోటా ఆ వంశం ఉంది.

వెల్స్ 1946 ఆగస్టు 13న లండన్‌లో చనిపోయాడు. అస్థికల్ని దక్షిణ తీరంలో ఓల్డ్ హ్యారీ రాక్స్ అనే తెల్ల రాళ్ల దగ్గర సముద్రంలో కలిపారు. జిప్ అప్పటికే జంతుశాస్త్రవేత్త. తండ్రితో, జూలియన్ హక్స్‌లీతో కలిసి సైన్స్ ఆఫ్ లైఫ్ అనే పెద్ద పుస్తకం రాశాడు. జూలియన్ ఎవరో కాదు, వెల్స్‌కి పాఠం చెప్పిన హక్స్‌లీ మనవడే. నేల మీద కలిసి నగరాలు కట్టిన తండ్రీ కొడుకులు టేబుల్ దగ్గర కలిసి పుస్తకం కట్టారు.

సెలవుల్లో ఇంటికెళ్తే అక్క పిల్లలో, పిన్ని పిల్లలో మన చుట్టూ చేరతారు. ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టడం తేలికే. దాని బదులు ఒక గంట ఆడి చూడండి. ఖరీదైన రూల్‌బుక్కులేం అక్కర్లేదు. ఇంట్లో ఉన్న బొమ్మలు, వైకుంఠపాళి డబ్బాలోని పాచిక, చాప చాలు. చాప దీవి, గచ్చు సముద్రం. దీవిలో ఏముందో మీరు చెప్పండి, ఏం చెయ్యాలో వాళ్లు చెప్తారు. అనుమానం వస్తే పాచిక వెయ్యండి. నాలుగు వస్తే పని అయినట్టు, రెండు వస్తే ఏదో చిక్కు వచ్చినట్టు. ఐదేళ్ల పిల్లకి ఈ ఒక్క రూలు చాలు. రాక్షసుణ్ణి కొట్టకుండా అన్నం పెట్టి స్నేహం చేసుకుంటానంటే ఒప్పుకోండి, మీరు అనుకున్న కథ పాడైపోతుందని అడ్డుపడకండి. మేయర్ వాళ్లే. ఇంకొక్క మాట, అందరు పిల్లల్నీ పిలవండి.