రాళ్లను చదివిన వర్తకుడు టావెర్నియర్

పదేళ్ల పిల్లవాడు. నడుముకు ఒక పక్క వజ్రాలు తూచే తూనికరాళ్ల సంచి, మరో పక్క డబ్బు సంచి. ఆ డబ్బు సంచిలో ఒక్కోసారి 600 బంగారు వరహాల దాకా ఉండేవి. పొద్దున్నే ఊరి మధ్య పెద్ద చెట్టు కింద అలాంటి పిల్లలంతా చేరేవారు. అందరూ పదేళ్ల నుంచి పదిహేను, పదహారేళ్ల లోపు వాళ్లే. ఎవరైనా వజ్రం అమ్మడానికి వస్తే ముందు పెద్దవాడి చేతికి ఇచ్చేవారు. అతడు తిప్పి చూసి పక్కవాడికి, అతడు ఆ పక్కవాడికి... రాయి అందరి చేతులూ తిరిగి మళ్లీ పెద్దవాడి దగ్గరికి వచ్చేది. అంతసేపూ ఒక్కరూ నోరు మెదిపేవారు కాదు. ఆ తర్వాతే బేరం. ఎక్కువ పెట్టి కొంటే ఆ నష్టం పెద్దవాడిదే. సాయంత్రం కొన్న రాళ్లన్నిటినీ రంగు, బరువు, స్వచ్ఛతను బట్టి వేరు చేసి, పెద్ద వర్తకులకు అమ్మి, లాభం పంచుకునేవారు.

ఇదంతా కళ్లారా చూసి రాసిపెట్టిన వ్యక్తి జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్. ఆయన చూసిన ఆ గనుల ఊరు నేటి కర్నూలు జిల్లాలోని రామళ్లకోట అని చాలామంది పండితులు గుర్తించారు.

టావెర్నియర్ 1605లో పారిస్‌లో పుట్టారు. తండ్రిది పటాల వ్యాపారం. ఇంటికి వచ్చేవాళ్లు ఎప్పుడూ దూరదేశాల గురించే మాట్లాడుకునేవారు. అవి వింటూ పెరిగిన పిల్లవాడు ఇరవై రెండేళ్లు వచ్చేసరికే యూరప్‌లో చాలా భాగం తిరిగేశాడు. తర్వాత దాదాపు నలభై ఏళ్లలో ఆరుసార్లు తూర్పు దేశాలకు ప్రయాణం చేశారు. రెండో ప్రయాణం నుంచి భారతదేశం ఆయన దారిలో ముఖ్యమైన మజిలీ అయింది. గోల్కొండకు ఒకసారి కాదు, పలుమార్లు వచ్చారు.

ఆయన శాస్త్రవేత్త కాదు, వ్యాపారి. అయితే రాయిని తప్పుగా గుర్తిస్తే శాస్త్రవేత్తకు సిద్ధాంతం పోతుంది, వ్యాపారికి ఇల్లే పోతుంది. అందుకే కాబోలు, ఇక్కడివాళ్లు రాయిని ఎలా పరీక్షిస్తారో అంత శ్రద్ధగా గమనించారు. యూరప్‌లో ముడి వజ్రాన్ని పగటి వెలుగులో చూస్తారు. ఇక్కడ రాత్రిపూట చూసేవారు. గోడలో అడుగు చదరం గూడు చేసి, అందులో లావు వత్తితో దీపం పెట్టి, ఆ వెలుగుకు ఎదురుగా రాయిని వేళ్లతో పట్టుకుని లోపలి మచ్చలనూ స్వచ్ఛతనూ పసిగట్టేవారు. మన పాత ఇళ్లలోని దీపపు గూడే ఆనాటి ప్రయోగశాల అన్నమాట. రాయిలో లేత నీలి ఛాయ ఉందేమోనని అనుమానం వస్తే మరో ఉపాయం ఉండేది. దాన్ని గుబురుగా ఆకులున్న చెట్టు కిందికి తీసుకెళ్లి చూసేవారు. ఆ పచ్చని నీడలో దాగున్న నీలం బయటపడేది.

మన గరిడేపల్లి వాళ్లకు ఇంకా దగ్గరి కథ కొల్లూరుది. హుజూర్‌నగర్ దాటి చింతలపాలెం వైపు వెళితే కృష్ణానది వస్తుంది. అవతలి ఒడ్డున, నేటి పల్నాడు జిల్లా బెల్లంకొండ మండలంలో ఉండేది కొల్లూరు. పులిచింతల ప్రాజెక్టు కట్టాక ఆ ఊరు ముంపులో కలిసిపోయింది. స్థానికులు ఆ చోటును ఏమంటారని విని టావెర్నియర్ తన పుస్తకంలో రాసుకున్న పేరు ‘గని’. ఊరి పేరు అనుకున్నారు గానీ, అది మన తెలుగు మాటే!

ఆయన రాసిన ప్రకారం అక్కడ 60,000 మంది పనిచేసేవారు. అది లెక్కపెట్టిన సంఖ్య కాదు, చూపు మీద వేసిన అంచనా. మగవాళ్లు పది పన్నెండు అడుగులు, నీరు పడేదాకా తవ్వేవారు. ఆ మట్టిని ఆడవాళ్లు, పిల్లలు మోసి, చుట్టూ గోడ కట్టిన జాగాలో పోసేవారు. నీళ్లు పెట్టి ఒకటి రెండు రోజులు నానబెట్టి, బురదనీటిని వదిలేసి, మిగిలినదాన్ని ఎండబెట్టి, ధాన్యంలాగే చాటలతో చెరిగేవారు. గడ్డలను చెక్క రోకళ్లతో దంచి మళ్లీ చెరిగి, చివరికి చేత్తో ఏరేవారు. వడ్లు చెరగడం తెలిసిన చేతులకు ఈ పని కొత్త కాదు. దీని వెనక ఉన్న సూత్రం కూడా అదే: తేలిక పోతుంది, బరువు నిలుస్తుంది.

కూలి సంగతికి వస్తే, రామళ్లకోటలో పని బాగా తెలిసిన మనిషికి కూడా ఏడాదికి మూడు వరహాలే దక్కేవని ఆయన రాశారు. చెట్టు కింద పిల్లవాడి సంచిలోని 600 వరహాలు సంపాదించాలంటే ఆ మనిషి రెండు వందల ఏళ్లు తవ్వాలి. రెండు క్యారెట్ల రాయిని కంటి మూలలో దాచిన ఒక కూలీ గురించి కూడా టావెర్నియర్ ప్రస్తావించారు. ఇంత తక్కువ కూలి ఇస్తే దాచుకోవడానికి వాళ్లు వెనకాడకపోవడంలో వింత లేదన్నది ఆయన భావం. కొల్లూరులో మట్టి మోసిన పిల్లల కళ్లకూ చూపు ఉంది. వాళ్ల చేతికి రాయి ఇచ్చి, ఇదేమిటో చెప్పమని అడిగినవారు లేరు.

1665లో ఔరంగజేబు ఆస్థానంలో టావెర్నియర్‌కు చక్రవర్తి నగలను చూసే అవకాశం దొరికింది. కొల్లూరులో దొరికిందని చెప్పే ‘గ్రేట్ మొగల్’ వజ్రాన్ని చేత్తో పట్టుకుని, తూచి, బొమ్మ గీసుకున్నారు. ఆ వజ్రం ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. దాని రూపం మనకు తెలుస్తున్నదంటే ఆ బొమ్మ వల్లే. ఆయన తీసుకెళ్లిన మరో రాయి సుమారు 115 క్యారెట్ల నీలి వజ్రం. దాన్ని ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కొన్నాడు. అది రెండుసార్లు చెక్కుడుపడి, మధ్యలో దొంగతనానికి గురై, నేడు 45.52 క్యారెట్ల ‘హోప్ డైమండ్’గా వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. ఎక్కడ కొన్నదీ ఆయన రాయలేదు గానీ, కొల్లూరుదేనని చాలామంది నమ్మకం.

ఇప్పటికీ తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాల కోసం వెతుకుతుంటారు. మెరిసేవాటిలో చాలావరకు పలుగురాళ్లే. సుత్తితో కొట్టి పగలకపోతే వజ్రమని కొందరంటారు. అది ఒట్టి అపోహ. వజ్రం గీతకు లొంగదు గానీ దెబ్బకు పగులుతుంది. రామళ్లకోటలో ఇనుప గడ్డపారల దెబ్బలకు రాళ్లలో పగుళ్లు వస్తున్నాయని టావెర్నియర్ ఆనాడే గమనించారు. కాఠిన్యం కొలతలో వజ్రం 10, పలుగురాయి 7. ఒకే పరిమాణంలో ఉన్న నీటితో పోలిస్తే వజ్రం మూడున్నర రెట్లు బరువు, పలుగురాయి సుమారు 2.65 రెట్లు.

వజ్రం దొరకకపోయినా మీ పిల్లలతో ఈ ఆదివారం ఒక పని చేయవచ్చు. మేళ్లచెరువు, మట్టపల్లి సిమెంటు ఫ్యాక్టరీలకు ఆధారమైన సున్నపురాయి మన చుట్టుపక్కల దొరికేదే. ఒక ముక్కను మేకుతో గీరితే పొడి రాలుతుంది. ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా నురగ వస్తుంది. పలుగురాయి మీద మేకు గీత పడదు, నురగా రాదు. పాత గాజుముక్క మీద పలుగురాయితో గీస్తే గాజు మీదే గీత పడుతుంది. (గాజుతో పని పెద్దవాళ్లు దగ్గరుండి చేయించండి.) పేరు ముందే చెప్పకుండా, వాళ్లే తిప్పి చూసి తేల్చేదాకా ఆగండి.

టావెర్నియర్ తన ప్రయాణాల పుస్తకాన్ని 1676లో ప్రచురించారు. రెండు శతాబ్దాల తర్వాత భారత భూగర్భ సర్వే శాఖలో పనిచేసిన వాలెంటైన్ బాల్ 1889లో దాన్ని ఆంగ్లంలోకి అనువదించి, అందులోని గనులు ఏ ఊళ్లో వెతికి పట్టుకున్నారు. కొల్లూరును అలా గుర్తించింది ఆయనే. రాజు నుంచి గౌరవ బిరుదు పొంది, స్విట్జర్లాండ్‌లో జమీందారీ కొనుక్కున్నా టావెర్నియర్ కుదురుగా కూర్చోలేదు. ఎనభై దాటిన వయసులో మళ్లీ తూర్పు దారి పట్టి, 1689లో రష్యాలో కన్నుమూశారు.